బోధింప వచ్చినవాడు అతిథియే

ఒకడు తన యొద్ద సత్యమున్నదని నమ్మి, దానిని ఇచ్చుటకై సముద్రములు దాటి వచ్చి, పరుల యింటి గడప యెదుట నిలుచున్నాడనుకొనుడు. ఆ యింటివారు అతనిని లోపలికి పిలిచి, చాప పరచి, మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టిరి. ఇప్పుడతడు ఎవడు? దాతయా, యాచకుడా? గురువా, అతిథియా? తాను తెచ్చినదానిని వారు పుచ్చుకొనవలెనని అతని కోరిక. మరి వారు పెట్టినదానిని పుచ్చుకొనవలసిన ధర్మము అతనికి లేదా? ఒక మనుష్యుని మనసార గౌరవించుచునే అతని నమ్మకమును మార్చగోరుట సాధ్యమా, లేక ఈ రెంటిలో ఏదో యొకటి నటనయా? ఇది సువార్త పనివారికే చెందిన ప్రశ్న అని తోచవచ్చును. కాని దారి తప్పిన కుమారునితో మాటలాడగోరు తండ్రికిని, స్నేహితునిచేత త్రాగుడు మాన్పింపగోరు స్నేహితునికిని, పల్లెకు పోయిన వైద్యునికిని, బడిపంతులుకును ఇదే ప్రశ్న ఎదురగుచున్నది.

దీనిని మన సంఘముల చరిత్రలోనుండియే విచారింపవచ్చును. ఉదాహరణములకు కొదువ లేదు. అయితే మనవారిని గూర్చి వ్రాయునపుడు కలము తెలియకయే మెత్తబడును. మన తాతల నాటి మిషనరీల త్యాగమును పొగడి, అసలు ప్రశ్నను మరచిపోవుదుము. కాబట్టి బోధలో మనకు దూరస్థులైన కొందరు యువకుల అనుభవములను ముందుంచుకొనుట మేలని తలంచితిని. లోకము మార్మనులని పిలుచువారిని గూర్చి చదువరులు వినియే యుందురు. వారి సంఘము 1830లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఆరంభమాయెను. దాని పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘము. మార్మను అను పొట్టి పేరును విడిచి పూర్తి పేరునే వాడుడని వారి నాయకుడు 2018లో కోరెను. అయినను పాఠకులు ఎరిగిన పేరు అదియే గనుక అక్కడక్కడ దానిని వాడుచున్నాను, నొప్పించు తలంపుతో గాదు. బైబిలు సరసన వారు వేరొక గ్రంథమును లేఖనముగా ఎంచుదురు. త్రిత్వమును గూర్చి వారు చెప్పునది మన సంఘములు ఒప్పునది గాదు. ఈ భేదము చిన్నది గాదు, దానిని దాచుట మర్యాదయు గాదు. కాని ఈ వ్యాసమునకు కావలసినది వారి సిద్ధాంతము గాదు; మీసములు సరిగా రాని పిల్లవాడు తానెరుగని ప్రజల నడుమ దినదినము ఎట్లు బ్రదుకునో అది.

ఆ సంఘపు యువకులు రెండు సంవత్సరములు ఇల్లు విడిచి పోవుదురు. పూర్వము 19 యేండ్లు నిండవలెనను నియమముండెను. 2012లో దానిని 18కి తగ్గించిరి. యువతులును పోవుచున్నారు, వారి కాలము 18 నెలలు. 2024 చివర లోకమంతట ఇట్టివారు 70,000కు మించి యుండిరి. జీతము లేదు, ఖర్చును తామో తమ కుటుంబములో భరింపవలెను. ఏ దేశమునకు పోవలెనో వారు ఎన్నుకొనరు. పిలుపు వచ్చును, అందు వ్రాసిన చోటికి పోవుదురు. ఐడహోలో బంగాళాదుంపల చేల మధ్య పెరిగిన కుఱ్ఱవాడు మంగోలియా చలిలోనో ఘానా ఎండలోనో తేలును. ఎల్లప్పుడు జతగానే తిరుగవలెను. ఆ జతగాడును తానెన్నుకొన్నవాడు గాడు. తల్లిదండ్రులతో టెలిఫోనులో మాటలాడుట 2019 ఫిబ్రవరి వరకు సంవత్సరమునకు రెండు మారులే, క్రిస్మసునకును తల్లుల దినమునకును. అటుపిమ్మట వారమునకొకసారి సెలవిచ్చిరి. పగలంతయు నడక, సైకిలు, తలుపులు తట్టుట. పెక్కు తలుపులు తెరువబడవు. తెరచినవారిలో కొందరు నవ్వుదురు, కొందరు కసరుదురు, కొందరు ఎండనబడి వచ్చినారని జాలిపడి కూర్చుండబెట్టుదురు. వారము తిరుగునప్పటికి ఎందరికి బోధించితిమో లెక్క వ్రాసి పంపవలెను. ఈ లెక్క సంగతి ముందు మరల ఎత్తెదను.

మన తెలుగువారికిని వీరితో కొంత సంబంధము కలదు. సమోవా దీవులలో ఉద్యోగరీత్యా నివసించుచుండిన తెలుగు దంపతులు అచ్చట ఆ సంఘమున చేరి, 1978 డిసెంబరులో హైదరాబాదునకు వచ్చి, తమ బంధువులలో ఇరువదికి పైగా మందికి బాప్తిస్మమిచ్చిరి. హైదరాబాదున ఆ సంఘపు ఆరంభము వారి బంధువర్గములోనే జరిగెను. తలుపు తట్టినవారు పరాయివారు గారు, పండుగకు వచ్చిన చుట్టములు.

ఇక గడప దాటి లోపలికి పోవుదము. మొదటి చిక్కు అచ్చటనే, కప్పు రూపమున ఎదురగును. 1833నాటి తమ బోధను బట్టి ఆ సంఘమువారు సారాయి, పొగాకులతోపాటు టీ, కాఫీలను కూడ ముట్టరు. భూమిమీద పరదేశికి మర్యాద చేయు మార్గములన్నిటిలో ఎక్కువ వాడుకలోనున్నవి ఈ రెండే గదా! జపానులో పచ్చ టీ, బ్రెజిలులో చిట్టి కప్పులో చిక్కని కాఫీ, ఇంగ్లండులో పాలు కలిపిన టీ, మన యిండ్లలో అల్లము దంచి వేసిన టీ. పొయ్యి ముట్టించి, పొరుగింట పంచదార అప్పు తెచ్చి, తీసికొని వచ్చిన కప్పును చూచి "క్షమింపుడు, మేము త్రాగము" అని చెప్పవలసివచ్చు ఆ యువకుని పాట్లు తలంచుకొనుడు. అతడు తన వ్రతమును నిలుపుకొనెను, నిజమే. కాని ఆమె చేయి గాలిలో నిలిచిపోయెను.

లూకా సువార్త పదియవ అధ్యాయములో ప్రభువు డెబ్బదిమందిని పంపిన విధము ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది. సంచి వద్దనెను, జాలె వద్దనెను, చెప్పులు సహా వద్దనెను; ఏ యింట దిగుదురో ఆ యింటనే నిలిచి, ఆ యింటివారు పెట్టినది తినుమనెను. ఇది పొదుపును గూర్చిన ఉపదేశమని చాలమంది ప్రసంగించుట విన్నాను. నాకట్లు తోచదు. సంచి గలవాడు ఎవరి యింటికిని పోనక్కరలేదు, సత్రములో దిగి, మాట చెప్పి, వెళ్లిపోవచ్చును. పంపబడినవాడు మొదట ఆకలిగొన్నవాడై, వినువారి దయ లేనిదే పూట గడవనివాడై యుండవలెనని ఆ యేర్పాటు. సుఖారు బావియొద్ద ఆయన తానే ఆ పని చేసి చూపెను: సమరయ స్త్రీకి జీవజలమును గూర్చి ఒక్క మాటయైన చెప్పకముందు, ఆమె యొద్ద నీళ్లడిగెను. అడుగుట నటన గాదు. ఆయన నిజముగా దప్పిగొని యుండెను.

అయితే పుచ్చుకొనుట ఎల్లప్పుడును సుళువని చెప్పుటకు వీలులేదు. పౌలు డేరాలు కుట్టుకొని తన పొట్ట తాను పోసికొనెను, కొరింథీయుల యొద్ద ధనము పుచ్చుకొనలేదు. దానికి ఆయన కారణములు ఆయనకుండెను. కాని కొరింథీయులు మెచ్చుకొనిరా? నొచ్చుకొనిరి. ఫిలిప్పీయుల యొద్ద పుచ్చుకొనిన చేయి మా యొద్ద ముడుచుకొననేల అని వారి గోల. రెండవ పత్రికలో పౌలు దానికి సమాధానము చెప్పుకొనవలసివచ్చెను. నిరాకరించుటలో ఎంత సద్బుద్ధియున్నను, ఎదుటివానికి అందు అవమానమే వినబడును.

వ్రతభంగము చేసికొని టీ త్రాగుమని నేను ఆ యువకునికి చెప్పను. వ్రతము గలవానిని అర్థము చేసికొనుట మన ఆడువారికి మనము నేర్పనక్కరలేదు. ఉపవాసములు, మ్రొక్కులు, ముట్టరాని పదార్థములు గల దేశములో పుట్టినవారు. "టీ తాగవా బాబూ? పోనీ మజ్జిగైనా తీసుకో" అనును. అప్పుడు ఆ మజ్జిగను అతడు ఎట్లు పుచ్చుకొనునో దానిమీదనే అంతయు ఆధారపడియున్నది. అదికూడ వద్దని, చేతి గడియారము చూచుకొని, సంచిలోని పుస్తకము తీసెనా, అతడు టీ వద్దనుటకు కారణము వ్రతము గాదు, ఆమె పెట్టునదేదియు తనకు అక్కరలేకపోవుటయే అని ఆమెకు అర్థమగును. అప్పుడు ఆమె తన మర్యాద కొద్ది పుస్తకమును పుచ్చుకొనును. చదువదు.

తిండిని గూర్చియే ఇంత వ్రాయుచున్నానని ఎవరైన విసుగుకొందురేమో. కాని ఇందులోని ధర్మసూక్ష్మమును హవాయి దీవులలో జార్జి క్యానను అను యువకుని కథ విప్పి చూపుచున్నది గనుక దానిని కొంచెము నిదానముగా చెప్పవలెను. ఆయన 1827లో ఇంగ్లండులోని లివర్‌పూలులో పుట్టి, అమెరికాకు వలసపోయి, అచ్చు పని నేర్చుకొని, కాలిఫోర్నియా బంగారు గనులలో కొంతకాలము పని చేసినవాడు. 1850 డిసెంబరులో, ఇరువదిమూడేండ్ల వయస్సున, మరి తొమ్మండుగురితో కలిసి హొనొలులు రేవులో దిగెను. తాము బోధింప వచ్చినది అచ్చటనున్న తెల్లవారికని వారిలో చాలమంది అనుకొనిరి. తెల్లవారు కొద్దిమంది, ఉన్నవారు వినరైరి. పదిమందిలో ఐదుగురు ఎక్కువ కాలము నిలువక తిరిగిపోయిరి. క్యానను మాత్రము ఈ దీవుల ప్రజల భాష నేర్చి వారికే చెప్పెదనని, ఒంటరిగా మిగిలినను సరేయని నిశ్చయించుకొనెను. మావి ద్వీపములోని లహైనాలో నాలిమనుయి అను స్త్రీ తన యిల్లు వీరికి విడిచిపెట్టి, తాను కుమార్తె యింటికి పోయెను. చెప్పుటకు సరియైన భాష రానివారు, చేత డబ్బు లేనివారు. వీరు ఆమెకు అప్పటికి ఇచ్చినదేమియు లేదు.

హవాయి ప్రజల ముఖ్యాహారము 'పోయ్' అనునది. మనము వేపుడు చేసికొను చేమదుంపయే దానికి మూలము. దుంపలను ఉడికించి, బల్లపై రాతితో దంచి, నీరు కలిపి, పులియబెట్టుదురు. అందరును ఒకే గిన్నెలో వ్రేళ్లు ముంచి తినుట ఆచారము. చిక్కదనమును బట్టి ఒక వ్రేలి పోయ్, రెండు వ్రేళ్ల పోయ్, మూడు వ్రేళ్ల పోయ్ అని చెప్పుకొందురు. వారి పురాణగాథలో ఈ దుంప మొక్క మానవజాతికి పెద్దన్న: మొదటి శిశువు మృతుడై పుట్టగా పాతిపెట్టిన చోట అది మొలిచెననియు, తరువాత పుట్టిన తమ్ముని సంతానమే తామనియు వారు చెప్పుదురు. కాబట్టి పోయ్ గిన్నె మూత తీసియుండగా ఆ యింట తగవులాడరాదు, పెద్దన్న వినుచుండును. మన తరవాణి కుండకు అలవాటుపడిన ముక్కునకు ఆ పులుపు వాసన వింత గాకపోవచ్చును. క్యాననుకు మాత్రము అది పుస్తకములు కుట్టువాని జిగురు కుండ పాతబడి పులిసినట్లు తోచెను. అచ్చాఫీసులో పెరిగినవాడు గదా, పోలికలు అక్కడివే. చెంచాడు నోటబెట్టుకొనగానే కడుపులో త్రిప్పెనని ఆయన 1879లో అచ్చువేయించిన తన మొదటి మిషను జ్ఞాపకములలో వ్రాసికొనెను.

తరువాత జరిగినది మన విచారణకు కీలకము. ఊరూర తిరుగునపుడు ఆయన ఒకటి గమనించెను: తాను పోయ్ తినకపోయిన యెడల, ఆ పేదవారు పూటపూటకు తన కొఱకు వేరే వంట చేయవలసివచ్చును. అది వారికి భారము; అంతేగాక తన పని సఫలమగుటకును అడ్డము. కాబట్టి వారి భోజనముతోనే బ్రదుకవలెనని నిశ్చయించి, దానిని తన నోటికి తీపి చేయుమని దేవుని వేడుకొనెను. మరుసారి గిన్నెడు తినెను, ఇష్టముగా తినెను. ఆ దీవులలో ఉన్నంతకాలము దొరికినప్పుడెల్ల అదియే తన ఆహారమాయెను.

ఆ ప్రార్థన నాకు చాల ఇష్టము. పోయ్‌ను సహించు ఓపిక ఇమ్మని ఆయన అడుగలేదు, అది తీపి కావలెనని అడిగెను. సహించువాని ముఖము చూచిన యింటివారికి తెలిసిపోవును. మన పల్లెలలో వడ్డించు ముసలమ్మ విస్తరి వంక గాక తినువాని కనుల వంక చూచును. కాని ఆయన చెప్పుకొన్న కారణములు రెండని గమనించితిరా? వారికి భారము కారాదనుట ఒకటి, తన పని సఫలము కావలెననుట రెండవది. రెంటిని ఒకే ఊపిరిలో ఆయన దాపరికము లేక వ్రాసెను. ఇచ్చట విమర్శకుడు లేచి, అట్లయిన ఆ తినుట ఎరయే గదా, చేపను పట్టువాడు నీళ్లలోనికి దిగినంత మాత్రమున చేపలకు స్నేహితుడగునా, అని అడుగును. ఇది కొట్టివేయదగిన ప్రశ్న గాదు. ఉద్దేశముతో కూడిన ప్రేమ ప్రేమయేనా?

ఉద్దేశము లేని ప్రేమ యొకటి ఎక్కడనో ఉన్నదనియు, అది మాత్రమే శుద్ధమైనదనియు కొందరు తలంతురు. నేనట్లు నమ్మజాలను. చంటిబిడ్డ నడువవలెనని తల్లికి ఉద్దేశమున్నది. రోగి కోలుకొనవలెనని వైద్యునికి, శిష్యుడు తప్పు దిద్దుకొనవలెనని గురువుకు ఉన్నది. ఎదుటివాడు ఎట్లున్నను నాకేమి అనుకొనువాడు మర్యాదస్థుడు కావచ్చును గాని ప్రేమించువాడు గాడు. ఒక మనుష్యుని మార్చగోరుటలో అతనిపై గౌరవము సహితము కలదు: ఇతడు వినగలవాడు, ఆలోచింపగలవాడు, తన మనస్సు తానే మార్చుకొనగలవాడు అని నమ్మినందుననే గదా వానితో వాదించుచున్నాము. రాతితో ఎవడును వాదింపడు.

కాబట్టి దోషము ఉద్దేశములో లేదు, షరతులో ఉన్నది. దానిని కనిపెట్టు సమయము వాడు "వద్దు" అని చెప్పిన మరునాడు. నెల దినములు ప్రతి సాయంకాలము వచ్చి, పిల్లలతో ఆడి, ముసలివాని మోకాళ్ల నొప్పులను గూర్చి అడిగి, కట్టెలు చీల్చిపెట్టిన యువకుడు, ఆ యింటివారు "నాయనా, మా దేవుడు మాకు చాలును" అని చెప్పిన పిమ్మట మరల కనబడనియెడల, ఆ కట్టెలు చీల్చుట ఏమిటో అప్పుడు తెలియును. ఆ యువకునిమీద మాత్రమే నింద మోపుట న్యాయము గాదు. అతడు రేపు వేరొక ఊరికి బదిలీ కావచ్చును. అతని వారపు లెక్కలో మోకాళ్ల నొప్పులకు గడి లేదు. లెక్క వ్రాయుట పాపమని అనను. నూరు గొఱ్ఱెలు గలవాడు లెక్కపెట్టినందుననే ఒకటి తప్పిపోయెనని తెలిసికొనెను. కాని అతడు లెక్కించినది లేనిదానిని వెదకుటకు. వచ్చినవానిని పై వారికి చూపుటకు గాదు. మన సభల వార్షిక నివేదికలు చదువువారు ఈ రెండు లెక్కలకు గల భేదమును తామే ఆలోచించుకొందురు గాక.

ఇంతకంటె కష్టమైనది మరియొకటి కలదు. పిలుచువాని యింటిలోనే ఒక గది తాళము వేసియున్న యెడల? ఆ సంఘమువారు చిరకాలము ఆఫ్రికా సంతతి పురుషులకు యాజకత్వము నిరాకరించిరి. 1978 జూనులో మాత్రమే ఆ నిషేధమును ఎత్తివేసిరి. జాతులన్నియు కలిసిపోయిన బ్రెజిలులో దానికి ముందు పని చేసిన యువకుల అవస్థ ఊహించుడు. ఒక యింటివారు ప్రేమతో అన్నము పెట్టి, బోధ విని, సంతోషించుచుండగా, ఈ పిల్లవాడు వారి తాతముత్తాతల రక్తము ఎక్కడిదో ఆరా తీయవలెను. గోడమీది పటములను స్నేహముగా చూచుచున్నట్లు చూడవలెను. పోయ్ గిన్నె తీపి కావలెనని ప్రార్థించుటకు ఇది సరిగా వ్యతిరేకము. ఒకే విస్తరిలో తినుచు, పెట్టిన చేతి పుట్టుకను లెక్కగట్టుట! దీనిని చదివి తల యూపుటకు ముందు మనము కొంచెము ఆగవలెను. ఒకే బల్లయొద్ద రొట్టె విరుచువారు పెండ్లి మాట వచ్చునప్పటికి ఏమి ఆరా తీయుదురో, కొన్ని ఊళ్లలో ఒకే మిషను కట్టిన రెండు గుడులు ఎందుకున్నవో, తెలుగు క్రైస్తవునికి వేరొకరు చెప్పనక్కరలేదు. పరదేశి గడపలో మన ప్రవర్తనను చక్కజేసికొనుట సుళువు. మన గడపలో అడుగుపెట్టిన వానికి ఏ గది తెరచితిమనునది తరువాతి ప్రశ్న.

క్యానను కథలో మిగిలినది చెప్పవలెను. 1851లో ఆయన మావి ద్వీపము చుట్టు నడచుచు వైలుకు అను ఊరు చేరగా, జొనతాను నాపెలా అను హవాయి న్యాయాధికారి ఆయనను తన యింట దింపుకొనెను. నాపెలా చదువుకొన్నది లహైనాలూనా పాఠశాలలో. అది 1831లో ప్రొటెస్టంటు మిషనరీలు స్థాపించినది; హవాయి భాషకు లిపి ఏర్పరచి, 1839 నాటికి బైబిలును సంపూర్ణముగా ఆ భాషలోనికి తెచ్చినవారును వారే. క్రొత్తగా వచ్చిన బోధకుని చేరదీసినందుకు నాపెలా తన పూర్వ సంఘమువారి ఆగ్రహమునకు గురియాయెను. ఆ పాదిరులు కోపించుటలో వింత లేదు. తాము నాటినదానిని వేరొకడు కోసికొనిపోవుచుండగా చూచుట ఎవరికి సులభము? మనమైనను కోపింతుము. నాపెలా 1852లో బాప్తిస్మము పొందెను. వారిద్దరు కలిసి మార్మను గ్రంథమును హవాయి భాషలోనికి అనువదించిరి. క్యానను వాక్యము చెప్పును, అది హవాయివాని చెవికి ఎట్లు వినబడునో నాపెలా చెప్పును. తరువాత అమెరికానుండి వచ్చిన పిల్లకాయలకు భాష నేర్పు పనియు నాపెలా మీదనే పడెను. బోధింప వచ్చినవారు అతని యెదుట పలకలు పట్టుకొని కూర్చుండిరి.

అట్లు వచ్చిన పిల్లకాయలలో ఒకడు నిజముగా పిల్లవాడే. జోసెఫ్ ఎఫ్. స్మిత్తు 1854 సెప్టెంబరులో హొనొలులు చేరునప్పటికి పదునారేండ్లు నిండలేదు. తండ్రి 1844లో హత్యచేయబడెను, తల్లి 1852లో చనిపోయెను. భాష రాదు, డబ్బు లేదు. బట్టల పెట్టె కాలిపోయి, తానును జతగాడును ఒకే మంచి దుస్తును వంతులవారిగా తొడుగుకొనిరని చెప్పుదురు. చాపలమీద పండుకొని, వారు పెట్టినది తిని, తెల్లవాని ముఖము చూచుటకైన సిగ్గుపడు దశలో ఉంటినని ఆయనయే తరువాత చెప్పుకొనెను. జ్వరము వచ్చి దిక్కులేక పడియున్నప్పుడు మహుహీ అను హవాయి స్త్రీ ఆయనను తన యింట చేర్చుకొని, తల్లివలె సేవ చేసెను. ఏండ్లు గడచెను. ఆయన 1901లో తన సంఘమునకు అధ్యక్షుడాయెను. ఆ హోదాలో హొనొలులునకు పోయినప్పుడు, పూలమాలలతో ఎదురువచ్చిన జనసమూహములో చూపులేని ముసలిది యొకతె తడబడుచు, చేతిలో నాలుగు మంచి అరటిపండ్లు పట్టుకొని, "యోసెపా, యోసెపా" అని పిలుచుచుండెను. ఆయన పరుగెత్తి పోయి కౌగలించుకొని, ప్రక్కనున్నవారితో, ఈమె నాకు తల్లి అని చెప్పి ఏడ్చెను. ఆమెకు ఆ సంఘపు సిద్ధాంతములు ఎంతవరకు తెలిసినవో ఆ కథ చెప్పినవారు వ్రాయలేదు. వ్రాయనందుకు నాకు సంతోషమే. అధ్యక్షునికి అరటిపండ్లు తెచ్చినది కాదామె, జ్వరము వచ్చిన కుఱ్ఱవానికి తెచ్చినది.

ఇట్టి కథలు చెప్పునపుడు ఆ దీవుల చరిత్రను మరచుట తగదు. 1853లో మశూచికము వేలమందిని బలిగొనెను. ఆ యేటి జనాభా లెక్కలో దీవులన్నిట కలిపి సుమారు 73,000 మందియే తేలిరి. పరదేశులకు చాప పరచినవారు చనిపోవుచుండిరి, పరదేశులు పెరుగుచుండిరి. 1893లో రాణి లిలియువోకలానిని సింహాసనమునుండి త్రోసివేసిన కూటములో ముఖ్యులు కొందరు తొలి ప్రొటెస్టంటు మిషనరీల కుమారులు, మనుమలు. తాతలు ఆ ప్రజల చేతిలోని అన్నము తినిరి. మనుమలు ఆ నేలను పుచ్చుకొనిరి. పుచ్చుకొనుట అను ఒకే మాటతో ఈ రెండు పనులను పిలువవలసి వచ్చుట మన భాషకున్న దారిద్ర్యము కాబోలు.

నాపెలా సంగతి ఇంకను కొంత యున్నది. హవాయి ప్రభుత్వము 1865లో చట్టము చేసి, 1866 నుండి కుష్ఠరోగులను మోలోకై ద్వీపములోని కలౌపాపాకు పంపసాగెను. మూడు ప్రక్కల సముద్రము, నాలుగవ ప్రక్క నిట్టనిలువు కొండ. పోయినవారు తిరిగివచ్చుట లేదు. ఆ నిర్బంధ చట్టము 1969 వరకు నిలిచెను. నాపెలా భార్య కిటీకి ఆ వ్యాధి సోకెను. 1873లో ఆమెను పంపునప్పుడు, ఆరోగ్యవంతుడైన నాపెలా, సేవకునిగా ఆమె వెంట పోవుటకు అనుమతి పొంది, ఆ పడవ ఎక్కెను. అతనిని ఏ సంఘమును పంపలేదు. రెండు సంవత్సరములు నిండగానే ఇంటికి రావచ్చునను నియమము లేదు.  అదే యేట బెల్జియము దేశపు కతోలిక గురువైన దామియను అచ్చటికి వచ్చెను. ఇద్దరును స్నేహితులైరి. దామియను తనవారిని కూడ గట్టుకొనెను, నాపెలా తనవారిని కూడ గట్టుకొనెను. ఎవరి ప్రార్థన వారిది. రోగుల గాయములు, ఆకలి, చలి మాత్రము ఇద్దరివి. దామియను నాపెలాను కతోలికుని చేయలేదు, నాపెలా దామియనును మార్మనుని చేయలేదు. నాపెలాకు ఆ వ్యాధియే సోకి 1879లో చనిపోయెను. పదేండ్లకు దామియనును అదే వ్యాధితో పోయెను.